భాష రాని చెవి

ఫాదర్ లుడ్విక్ పాపాలు వినే పెట్టె ముందు ఆ రోజు నలుగురే ఉన్నారు. నలుగురూ ముసలమ్మలే.

ఎదురు గోడ దగ్గర ఫాదర్ ఫిర్మిన్ పెట్టె ముందు మాత్రం వరుస గుమ్మం దాటి మెట్ల మీదికి పోయింది. గని కార్మికులు, వాళ్ళ పెళ్ళాలు, అందరూ పోలండు నుంచి వలస వచ్చినవాళ్ళే. ఫిర్మిన్ ముసలాయన, ఫ్రెంచివాడు. ఆయనకు పోలిష్ ఒక్క ముక్క రాదు. అందుకే ఆ వరుస.

ఫ్రాన్సులోని ఆ బొగ్గు ఊళ్ళో గుడి ఒకటే, గురువులు ఇద్దరు. ఫ్రెంచివాళ్ళకు ఫిర్మిన్, పోలిష్ వాళ్ళ కోసమని సొంత దేశం నుంచి పంపిన లుడ్విక్. ఈస్టరు ముందు గురువుకు పాపాలు చెప్పుకుని పాపసంకీర్తన చెయ్యందే ఈ జనానికి పండగ పండగ కాదు. చిల్లర పాపాలు లుడ్విక్ చెవిన వేస్తారు. అసలువి మోసుకెళ్ళి ఆ ముసలాయన దగ్గర దించుతారు.

"మాంసం ముట్టకూడని శుక్రవారం పులుసులో ముక్క కనబడింది ఫాదర్. చూసి కూడా తిన్నాను," అంది జాలీ అవతల ముసలమ్మ.

"ఇంకా?"

"కోడల్ని తిట్టాను."

"ఇంకా?"

"ఇంకా అంటే... ఇంటికెళ్ళగానే మళ్ళీ తిడతాను ఫాదర్."

అవతలి వరుసలో కసాయి కొట్టు పెట్రోనెలా గొంతు గుడంతా వినిపిస్తోంది.

"ఏం చెప్పినా శిక్ష మూడు పరలోక జపాలే వదినా! పోయినేడు మా ఆయన చెప్పుకున్నవి మన ఫాదర్ వినుంటే, మోకాళ్ళ మీద ఊరంతా తిప్పేవాడు."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నట్టు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వారు.

లుడ్విక్ జాలీలోంచి ఆ వరుసకేసి చూశాడు. చెత్త ఒంపేసినట్టు పాపం ఒంపేసి, చేతులు దులుపుకుని పోతున్నారు. సిగ్గు లేదు, భయం లేదు. ఛీ, ఇదీ ఒక భక్తేనా! మొన్న ఆదివారం ప్రసంగంలో ఒక్కొక్కరినీ ఉతికి ఆరేశాడు. అందరూ బుద్ధిగా తలలు వంచుకుని విన్నారు. వరుస ఇంకాస్త పెరిగింది, అంతే.

ముసలమ్మలు వెళ్ళాక అపొలోనియా వచ్చింది. మోకరించలేదు. జాలీ ముందు నిలబడింది.

ఆమె అన్న ఇగ్నాత్సి సమ్మెలో ముందు నిలబడ్డవాడు. ఎవరో అతని పేరు కంపెనీకి చేరవేశారు. పోలీసులొచ్చి పెళ్ళాం పిల్లలతో సహా రైలెక్కించి దేశం దాటించారు. సరిగ్గా ఆ వారమే ఆమె మొగుడు రోఖ్‌కి గనిలో మంచి చోట పని దొరికింది. ఊరు ఇంకేం ఆలోచించలేదు. బావమరిదిని అమ్ముకున్నాడంది.

"ఆయన పక్కన ఎవడూ పనికి నిలబడటంలేదు ఫాదర్," అంది అపొలోనియా. "పైనుంచి రాయి పడితే లాగే దిక్కుండదు. చచ్చిపోతాడు. మీరు బలిపీఠం దగ్గర ఒక్క మాట చెప్పండి, అది రోఖ్ పని కాదని. మీరు చెబితే నమ్ముతారు."

"ఎలా చెప్పమంటావమ్మా? మరెవరని అడుగుతారు."

"ఎవరో మీకు తెలియకుండా ఉంటుందా? మీ దగ్గరికొచ్చి ఎవరూ ఒప్పుకోలేదా?"

"ఒప్పుకున్నా నేను బయటపెట్టకూడదు." మెడలోని సిలువ పట్టుకున్నాడు. "కానీ నా దగ్గరికొచ్చి ఎవరూ ఒప్పుకోలేదు. ప్రభువు సాక్షిగా చెబుతున్నాను."

అపొలోనియా ఆ వరుసకేసి తిరిగింది.

"అయితే వాడు అందులోనే ఉంటాడు. ఆ ముసలాయన దగ్గర కక్కేసి, మూడు జపాలు చెప్పుకుని, హాయిగా పండగ చేసుకుంటాడు. థూ! వాడూ ఒక మనిషేనా ఫాదర్?"

"కాదమ్మా," అన్నాడు లుడ్విక్.

ఆమె ముఖం ఇంక చూడలేక జాలీ తలుపు మూసేశాడు. ఆ సాయంత్రం కంపెనీ ఇచ్చిన ఇంట్లో, కంపెనీ పంపిన బొగ్గు మంట ముందు కూర్చుంటే అన్నం సహించలేదు. ఈ ఊరంటేనే రోత పుట్టింది.

మర్నాడు ఫిర్మిన్‌ని ఫ్రెంచిలో నిలదీశాడు.

"వాళ్ళు చెప్పేది మీకేమన్నా బోధపడుతుందా?"

"ఒక్క ముక్క పడదు నాయనా."

"మరి ఏం చూసి క్షమిస్తారు?"

"ఏడుస్తారు. ఏడ్చేవాణ్ణి పొమ్మంటానా?" ముసలాయన నశ్యం పీల్చి చెయ్యి పైకి చూపించాడు. "ఆయనకు పోలిష్ వచ్చు కదా!"

"ఇది దేవుణ్ణి మోసం చెయ్యడం. వాళ్ళతోపాటు మీరూ చేస్తున్నారు."

"అంత కోపం దేనికి? నువ్వు వాళ్ళకు తెలిసినవాడివి. తెలిసినవాడి ముందు మనిషికి నోరు పెగలదు, పాపం."

లుడ్విక్ విసురుగా వచ్చేశాడు.

పండగ ముందు రోజు, శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు గుడ్లు, సాసేజీలు, ఉప్పు, రొట్టెలు బుట్టల్లో పెట్టుకుని దీవెనకు తెచ్చారు. లుడ్విక్ బుట్టల మీద మంత్రజలం చల్లుకుంటూ వెళ్ళాడు. అపొలోనియా బుట్టకు రెండు వైపులా రెండేసి బారల జాగా వదిలేసి నిలబడ్డారు అమ్మలక్కలు. రోఖ్ రాలేదు. లుడ్విక్ ఆ బుట్ట మీద నీళ్ళు చల్లి తల తిప్పుకున్నాడు. జనం ఎప్పుడు కదులుతారా అని చూశాడు.

అందరూ వెళ్ళారు. గుడి ఖాళీ అయింది. ఫిర్మిన్ మాత్రం ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం తన పెట్టెలో కునికిపాట్లు పడుతున్నాడు.

లుడ్విక్ ఇక ఆగలేకపోయాడు. గబగబా ఆ పెట్టె దగ్గరికి నడిచాడు. చెక్క మీద తట్టి ముసలాయన్ని లేపాడు.

గుమ్మం వైపు ఒకసారి చూసుకుని, జాలీ ముందు మోకరించి, పోలిష్‌లో, "ఇగ్నాత్సి పేరు కంపెనీకి చెప్పింది నేనే ఫాదర్," అన్నాడు.