కుర్చీ కారు

అశోక్‌నగర్‌లో విద్యాసాగర్ ఇంటి వరండాలో ఒక ఇనుప కుర్చీ ఉంది. వారం నుంచి అది కారు. అందులోనూ కిరాయి కారు.

విద్యాసాగర్ అందులో కూర్చుని స్టీలు పళ్లేన్ని స్టీరింగులా తిప్పుతున్నాడు. పక్కన హనుమప్ప మొక్కలకు నీళ్లు పట్టే పైపు పట్టుకుని నిలబడ్డాడు. పాలమూరు మనిషి. పక్క సందులో అపార్టుమెంటు కడుతుంటే ఇటుకలు మోస్తాడు. పని దిగగానే ఇక్కడికొచ్చి పెట్రోలు బంకు అవుతాడు.

సోమవారం నారాయణగూడలో ఇంటర్వ్యూ. మస్కట్ నుంచి సేఠ్ వస్తున్నాడు. ఆయన ఒప్పుకుంటేనే వీసా. ఇంటర్వ్యూలో బంకు సంగతి తప్పకుండా వస్తుందని ముందే తెలిసింది.

విద్యాసాగర్ ఇదివరకొకసారి ఆఫీసు పని మీద మస్కట్ పోయాడు. కారు కిరాయికి తీసుకున్నాడు. బంకులో తలుపు తీసి దిగబోతే అక్కడి మనిషి మళ్లీ మూసేశాడు. అక్కడంతే. కారులో ఉన్నవాడు కదలడు. పెట్రోలు పోయడం, అద్దం తుడవడం, టైర్లలో గాలి చూడడం అన్నీ బంకువాళ్లే. ఆ రోజు ట్యాంకు మూత ఏ పక్కనుందో కూడా విద్యాసాగర్‌కు తెలియలేదు. పరువు పోయిందని ఇంటికొచ్చి చెప్పుకున్నాడు.

ఈసారి తప్పు జరగకూడదు.

"ఫుల్ ట్యాంక్," అన్నాడు విద్యాసాగర్.

"ఇంజను బంద్ చెయ్యున్రి సారూ."

"అరె, మరిచిన." తాళం తిప్పినట్టు వేళ్లు తిప్పాడు.

"మూత గీ పక్కకు లేదు. కారు అటు పెట్టున్రి."

విద్యాసాగర్ లేచి, కుర్చీని అటు తిప్పి, మళ్లీ కూర్చున్నాడు.

బియ్యం ఏరుతున్న ఆయన భార్య విద్యావతి తలెత్తింది. "రోజూ గదే తప్పు. గింత చదువుకున్నరు, మూత ఎటుంటదో తెల్వదాయె."

"నీకు తెల్వదు, ఊకో."

జేబులోంచి సిగరెట్ పెట్టె తీశాడు. చిక్కడపల్లి పాన్ డబ్బాలో కొన్నది. విద్యావతి చేట కింద పెట్టేసింది.

"పుట్టినసంది ముట్టని మనిషి! గిదేందండీ కొత్తగ?"

విద్యాసాగర్ వెలిగించాడు. దగ్గాడు. కళ్లల్లో నీళ్లొచ్చాయి. హనుమప్ప నేల చూస్తున్నాడు.

"చూస్తవేంది? బంకుల సిగరెట్ తాగుతున్న. ఆపవా?"

"మీరు పెద్దోళ్లు సారూ. మీ నోట్లది నేనెట్ల గుంజుత?"

"బంకుల పెద్దోడేంది, చిన్నోడేంది? అంటుకుంటే ఇద్దరం బూడిదే. గుంజు."

హనుమప్ప చెయ్యి లేచింది. సగం దాకా వచ్చింది. అక్కడ ఇంకో చెయ్యి తోడై, నమస్కారమై కిందికి దిగింది.

"ఈయనకు దగ్గు, నీకు మొహమాటం," అంది విద్యావతి. "ఇగ మస్కట్ పోయినట్టే."

మిగతాదంతా బాగానే వచ్చింది. సిగరెట్ దగ్గరే ఆగిపోతోంది. ఆదివారానికి పెట్టె ఖాళీ అయింది. విద్యాసాగర్ గొంతు బొంగురుపోయింది. హనుమప్ప చెయ్యి సగం దాటలేదు.

సోమవారం ఇద్దరూ స్కూటరు మీద నారాయణగూడ పోయారు. మెట్లెక్కేసరికే విద్యాసాగర్ ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"జర ధైర్యం చెయ్యున్రి సారూ," అన్నాడు హనుమప్ప.

లోపల సేఠ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కుర్చీ చేతిని తట్టాడు.

"ఇది కారు," అన్నాడు.

తర్వాత సిగరెట్ నోట్లో పెట్టుకుని లైటరు తీశాడు.

బయట బెంచీ మీద విద్యాసాగర్ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. లోపల హనుమప్ప సేఠ్ నోట్లోంచి సిగరెట్ గుంజేసి, మస్కట్ బంకులో పెట్రోలు పోసే కొలువు సంపాదించాడు.