జాబితాలో ఐదో పేరు

బిల్లులోంచి ఒక్క పేరు మాయం చేస్తే చాలు, మామగారి కళ్లకి తనూ ఓ మనిషిలా ఆనతాడని అల్లుడి ఆశ. పెళ్లయి ఆరేళ్లు. మామగారి ఫ్లోర్ క్లీనర్ ఫ్యాక్టరీలో అతనికో గదీ, కుర్చీ, బల్ల మీద గంటా ఉన్నాయి గానీ, ఆ గంట కొడితే పలికేవాడు లేడు పాపం.

ఇంట్లో వాడే సరుకుల్లో హానిచేసే రసాయనాలకు కళ్లెం వేస్తూ ప్రభుత్వం కొత్త చట్టం తెస్తోంది. వీళ్ల క్లీనర్‌కి మెరుపంతా ఒకే ఒక్క మందు వల్ల. దాని పేరు పలకాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. దాంతో నేల తుడిచాక ఊపిరి తీసుకోవడమే కష్టం, అది వేరే సంగతి. ఆ మందుని ఆపేస్తే ఫ్యాక్టరీకి తాళమే.

అయినా మామగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. “ఈ గొడవలో నువ్వు వేలు పెట్టకు అల్లుడూ, నేను చూసుకుంటా” అన్నాడు. ఆ మాటకే అల్లుడికి ఒళ్లు మండింది.

తిన్నగా వెళ్లి బిల్లు టైపు చేసే గుమస్తాని పట్టుకున్నాడు. వాళ్లమ్మాయికి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. మర్నాడు మధ్యాహ్నం గుమస్తా బిల్లు చివరి పేజీ ఒక్కటి మడిచి జేబులో పెట్టుకుని క్యాంటీన్‌కి వచ్చాడు. అందులో ఏడు మందుల పేర్లున్నాయి. ఐదోది వీళ్లదే!

“దీన్ని లేపెయ్యి.”

గుమస్తా తెల్లబోయాడు. “నిజంగానా? మీరు ఆ కంపెనీవాళ్లే కదండీ?”

“సాక్షాత్తూ అల్లుణ్ని! అడ్డమైన ప్రశ్నలెందుకు?”

“సర్లెండి, పెద్దవాళ్ల వ్యవహారాలు మాకెందుకు” అంటూ గుమస్తా పేజీని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అల్లుడు కానుకగా తెచ్చిన క్లీనర్ సీసాల్ని మాత్రం ముట్టుకోలేదు. “ఇవి వద్దండీ. ఇంట్లో నేల మీద పాకే మనవడున్నాడు.”

వారం తిరక్కుండా బిల్లు సభకొచ్చింది. దాన్ని పూర్తిగా చదివినవాడు గుమస్తా ఒక్కడే కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. సభ్యులంతా బల్లలు చరిచి సరేననేశారు.

అల్లుడు స్వీట్ల డబ్బాతో మామగారి గదిలోకి దూసుకెళ్లాడు. అచ్చయి వచ్చిన చట్టం చివరి పేజీ పట్టుకుని మామగారు చెమటలు కక్కుతున్నాడు.

“మన మందు పేరు లేదు...”

“లేదు కదా మామయ్యా!” అల్లుడి ముఖం చాటంత అయింది. “ముందు నోరు తీపి చేసుకోండి!”

మామగారు డబ్బాని విసిరికొట్టాడు. “మిగతా అన్నిట్నీ నిషేధించి, వాడుకోవచ్చని వదిలేసినవి ఆ పేజీలోవే! అందులో మనది ఎక్కించడానికి మూడు నెలలు కనబడ్డ ప్రతివాడి కాళ్లూ పట్టుకున్నానయ్యా, దాన్ని తీయించిన దొంగవెధవ ఎవడో ముందు కనిపెట్టు!”