ఎరుపే మైనస్

"మెయిన్ ఆపావా?" అన్నాడు సూపర్‌వైజరు, తలుపు బయటే నిలబడి.

"ఆపాను సార్. తాళం కూడా వేశాను. చెవి నా జేబులో ఉంది."

"మరి ఇంకా మీటరుతో ఏం కెలుకుతున్నావు?"

"ఆపాల్సింది ఆపానో లేదో చూసుకుంటున్నాను."

ఏ తీగలోనూ కరెంటు లేదు. బామ్మర్ది మీటరు పక్కన పెట్టాడు. అతనికీ అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. కానీ హెడ్ ఎలక్ట్రీషియను తన బావ కావడంతో, చేరిన రోజు నుంచీ గేటు కాపలావాడికీ మేనేజరుకీ కూడా అతను బామ్మర్దే. బావ పోయి నెల దాటింది. పిలుపు మాత్రం ఉండిపోయింది.

ఇనుప బీరువాలకు రంగు పూసి కాల్చే పొయ్యి అది, గదంత ఉంటుంది. లోపలి గోడలకు మసి ఇంకా పోలేదు. నెల కిందట ఒక సోమవారం పొద్దున, కంట్రోలరు మీద అంకె దిగుతుంటే లోపల వేడి మాత్రం ఎక్కుతూ పోయింది. ఇదేం చోద్యమని బావ తలుపు తీశాడు. మంట ఎదురొచ్చింది.

సెన్సర్ తీగలు తిరగబడ్డాయని మర్నాడే తేలింది. కంట్రోలరు బిగించింది ముందురోజు, ఆదివారం. ఆదివారాలు హాజరు వెయ్యరు, గేటు పుస్తకం తెరవరు. ఎవరు ఏ తీగ పట్టుకున్నారో చెప్పే కాగితం ముక్క లేదు. అందరి నోటా ఒకటే మాట, ఆయన తప్పుకు ఆయనే పోయాడని. ఆ మాట కాగితం మీదికెక్కితే అక్కకు ఆయన బదులు ఉద్యోగం ఇవ్వరు. తన తప్పు వల్ల పోయినవాడి ఇంటికి ఉద్యోగం ఇవ్వకూడదని రూలు. పొయ్యిని మళ్ళీ వెలిగించే ఎలక్ట్రీషియనే కారణం రాసివ్వాలి. మిగిలిన ఎలక్ట్రీషియను బామ్మర్ది ఒక్కడే. అక్క పొద్దుటి నుంచీ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చునుంది.

అతను కొత్త కంట్రోలరును ప్యానెల్లోకి తోసి బిగించాడు. పవర్ తీగలను ఒక పక్క నుంచి, సెన్సర్ తీగను దూరంగా ఇంకో పక్క నుంచి లాగాడు.

"అన్నీ ఒకే గొట్టంలోంచి లాగెయ్యొచ్చుగా? పని తెములుతుంది."

"పవర్ తీగల పక్కనుంటే అంకె గెంతులేస్తుంది సార్."

రంగు కొట్టే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి తొంగిచూసింది. "బామ్మర్దీ, మా బీరువాలు పచ్చిగా ఉండగానే ముసలివైపోయేలా ఉన్నాయి. ఇవాళైనా వెలిగిస్తావా?"

"వెలిగిస్తానక్కా."

అతన్ని నవ్వించాలనే ఆవిడ వచ్చింది. కాసేపు చూసి వెళ్ళిపోయింది.

సెన్సర్ తీగ చివర్లు గీకాడు. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు.

"ఎరుపు ప్లస్సేగా?" అన్నాడు సూపర్‌వైజరు, తనకూ ఆ మాత్రం తెలుసన్నట్టు.

"బ్యాటరీలకైతే అంతే. ఈ తీగలో ఎరుపే మైనస్. తిరగేస్తే వేడెక్కేకొద్దీ అంకె దిగుతుంది. చల్లారిందనుకుని అది ఇంకా కాలుస్తుంది."

"ఇంత చిన్నదానికా మనిషి పోయింది!"

"ఇంత చిన్నదానికే."

అతని గొంతులో ఏమీ పలకలేదు. నెల రోజులుగా అంతే. అన్నం తిన్నావా అని భార్య అడిగినా, టైమెంతని దారినపోయేవాడు అడిగినా ఒకే తూకం.

హీటర్ల ఫ్యూజులు పెట్టకుండా కంట్రోలరుకు మాత్రం కరెంటిచ్చాడు. సెన్సర్ రకం ఎంచాడు. క్యాంటీను నుంచి మరిగే నీళ్ళు తెప్పించి సెన్సర్ మొన ముంచాడు. అంకె ఎక్కింది. ముప్ఫై, అరవై, తొంభై ఎనిమిది. ఎక్కుతున్నంతసేపూ రెప్ప వెయ్యలేదు. తర్వాత, కంట్రోలరు మొరాయించినా హీటర్లను ఆపేసే రెండో కటాఫ్‌ను వేరే సెన్సర్‌తో విడిగా కలిపాడు. పాతదానికి అది లేదు. దాని హద్దు కావాలని తగ్గించి, ఫ్యూజులు పెట్టి పొయ్యి వెలిగించి, అది టక్కున పడ్డాక గానీ అసలు హద్దు పెట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి అంకె నూట ఎనభై దగ్గర కదలకుండా నిలబడింది. చేతి థర్మామీటరూ అదే చెప్పింది. బామ్మర్ది చేతులు కడుక్కుని ఆఫీసుకు నడిచాడు.

వరండాలో అక్క లేచి నిలబడింది. "ఏం రాస్తావురా?"

"రాయాల్సింది రాస్తాను."

సేఫ్టీ ఆఫీసరు అతను రాసిచ్చిన కాగితం తీసుకుని సగం దాకా మామూలుగా చదివాడు. అక్కణ్ణుంచి మెల్లిగా చదివాడు.

"తీగలు కలిపింది నువ్వా?"

"నేనే సార్. బావ పైన ఫ్యాను మోటారు దగ్గరున్నాడు. ప్యానెల్ నాకొదిలాడు. ఎరుపు ప్లస్సనుకున్నాను."

"నెల రోజులు నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"భయమేసింది."

"లైసెన్సు పోతుంది. కేసు కూడా పెడతారు. తెలిసే రాశావా?"

"తెలుసు సార్."

ఆఫీసరు అక్కను లోపలికి పిలిచాడు. కాగితమంతా పైకి చదివాడు. "మీ ఆయన తప్పేం లేదమ్మా. ఉద్యోగం మీకొస్తుంది. విన్నానని ఇక్కడ సంతకం పెట్టండి."

అక్క తమ్ముడి వైపు చూసింది. చాలాసేపు చూసింది. అతను బల్ల అంచు చూస్తున్నాడు.

"ఒరేయ్..." అంది.

"పెట్టక్కా."

ఆవిడ పెన్ను తీసుకుంది. ఒక్కో అక్షరం ఒత్తిపెట్టి సంతకం చేసింది. తమ్ముడి మొహం మళ్ళీ చూడలేదు.

పాత కంట్రోలరు బిగించిన ఆ ఆదివారం, పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా అతను అక్క ఇంట్లో గోడలకు సున్నం కొడుతూనే ఉన్నాడు.