తప్పుకునే చోటు

“ఇవాళ నేను పక్కకు తప్పుకోను బాబాయ్,” అంది కుందేలు, బూటు తాడు బిగిస్తూ.

బాబాయి నీళ్ళ సీసా మూత తిప్పుతున్నవాడల్లా ఆగాడు. స్టేడియం అడుగున ఉన్న ఆ గదిలో తక్కిన అమ్మాయిలు బల్లల మీద కూర్చుని చొక్కాలకు నంబర్లు గుచ్చుకుంటున్నారు. వాళ్ళు వింటారేమోనని గొంతు తగ్గించాడు.

“తప్పుకోకుండా?”

“చివరిదాకా పరిగెత్తుతా.”

చేసే పనిని బట్టే ఆమెను అందరూ కుందేలంటారు. పదిహేను వందల మీటర్ల పరుగులో కుందేలుది సగం పని. రికార్డులు కావాలనుకున్న పెద్ద పోటీలవాళ్ళు ఆమెను దేశదేశాలకూ పిలిపిస్తారు. మొదటి రెండు చుట్లూ ముందుండి వేగం పట్టించాలి. వెనక వచ్చే పెద్ద రన్నర్‌కు ఎదురుగాలి తగలకుండా కాయాలి. అనుకున్న తెల్లగీత దగ్గర లోపలి పచ్చిక మీదికి తప్పుకుని దారి వదలాలి. ఏ ఊరు వెళ్ళినా అందరికంటే ముందు పరిగెత్తింది ఆమే. ఏ ఊళ్ళోనూ ముగింపు గీత తొక్కలేదు. సరుకు ఎంత మేలైనదైనా సగం దారిలో దింపేస్తే సంతలో దానికి పేరుండదు.

“కుందేలు గెలిచిన కథ ఎక్కడన్నా విన్నావా?” అన్నాడు బాబాయి. “ఆఖరికి తాబేలు చేతిలో కూడా ఓడింది.”

“అది తనంతట తాను నిద్రపోయింది. నన్ను నువ్వు జోకొట్టావు.”

“అది కాదు అమ్మలూ. మన బేరమంతా నమ్మకం మీద నడుస్తోంది. కుందేలు తప్పుకుంటుందన్న లెక్కతోనే పొడుగమ్మాయి ఇవాళ రికార్డుకు దిగుతోంది. నువ్వు అడ్డంగా ఉన్నావనుకో, దానికి రికార్డు పోతుంది, మనకు పరువు పోతుంది. రేపటి నుంచి ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు.”

“తొక్కనివ్వకపోతే మానె. మన దేశం జట్టుకు పేర్లు తీసుకునే ఆఖరి రోజు ఇవాళే. పూర్తిచేసిన పరుగు ఒక్కటన్నా చూపించమన్నారు. వచ్చే ఏడాదికి ఈ మోకాళ్ళు నా మాట వింటాయా?”

బాబాయి లాభనష్టాలు తూచడంలో ఆరితేరినవాడే. కానీ ఇన్నాళ్ళూ ఆయన తక్కెడలో ఒక పళ్ళెమే ఉంది. రెండోది ఇప్పుడే చూశాడు.

“నీ ఇష్టం,” అన్నాడు చివరికి. “గాడిదకు ఇంటిదారి అలవాటైనట్టు నీ కాళ్ళకు ఆ పచ్చిక అలవాటు. ముందు వాటికి నచ్చజెప్పుకో.”

తుపాకి పేలింది. కుందేలు ముందుకు దూకింది. మొదటి చుట్టు ఎప్పటిలాగే గడిచింది. పొడుగమ్మాయి ఊపిరి మెడ మీద వెచ్చగా తగులుతోంది. ఈ పనిలో వెనక్కి చూడకూడదు. చూస్తే వేగం చెడుతుంది. జనం చప్పట్లు అడుగుల వెంట పడుతున్నాయి. రెండో చుట్టు తిరిగేసరికి తెల్లగీత కనిపించింది.

ఎడమకాలు పచ్చిక వైపు లాగింది. నడుము దానంతటదే అటు ఒరిగింది. కుందేలు పళ్ళు బిగబట్టి ట్రాక్ మీదే నిలిచింది. బిగుతు చొక్కాను ఎవరో తల మీదుగా గుంజేసినట్టు ఒళ్ళంతా ఒక్కసారి ఒరుసుకుంది. ఆ తర్వాత బరువు లేదు. గీత వెనకబడింది.

దాటేశాను, అనుకుంది.

ఆ గీత అవతల పరుగు ఇంత సుళువని ఎవరూ చెప్పలేదు. మోకాలి సలుపు లేదు. ముఖానికి గాలి తగలడం లేదు. పొడుగమ్మాయి పక్కకు వచ్చి భుజం ఆనించేంత దగ్గరగా పరిగెత్తింది. మోచేయి పొడుస్తుందని కుందేలు బిగుసుకుంది. ఏమీ తగల్లేదు. తప్పుకోవలసిన మనిషి తప్పుకోకపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పొడుగమ్మాయి ముఖంలో విసుగు కూడా లేదు. ఖాళీ వీధిలో పోతున్నట్టు సూటిగా చూస్తోంది. చివరి చుట్టు గంట మోగింది. చప్పట్లు గోడ అవతలి ఇంట్లోంచి వస్తున్నట్టు సన్నగా వినిపించాయి.

అందరికంటే ముందు ముగింపు గీత తొక్కింది కుందేలు.

కెమెరాలవాళ్ళు ఆమె పక్కనుంచే ఉరికి పొడుగమ్మాయిని చుట్టుముట్టారు. పెద్ద తెర మీద పొడుగమ్మాయి పేరు, పక్కన కొత్త రికార్డు. గీత దగ్గర ఇద్దరు అధికారులు నిలబడి ఉన్నారు. కుందేలు వాళ్ళ ముందుకు వెళ్ళింది.

“మొదట వచ్చింది నేను,” అంది.

“అందరూ వచ్చేసినట్టేనా?” అని ఒకాయన రెండో ఆయన్ని అడిగాడు.

“వచ్చేశారు. మధ్యలో తప్పుకుందే, ఆ అమ్మాయి ఒక్కతే పచ్చిక మీద ఉంది.”

కుందేలు అటు తిరిగింది. తెల్లగీత పక్కన పచ్చిక మీద బాబాయి ఉన్నాడు. ఆయన ముందు ఒక అమ్మాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని రొప్పుతోంది. ఆమె భుజాల మీద కోటు కప్పుతున్నాడు.

కుందేలు వాళ్ళ దగ్గరికి పరిగెత్తింది.

“బతికించావు అమ్మలూ,” అంటున్నాడు బాబాయి. “గదిలో నీ మాటలు విని గుండె జారిపోయిందనుకో. మరి జట్టు సంగతి?”

“పోనీలే బాబాయ్. నాకు ఈ పనే బాగుంది.”

“బాబాయ్,” అని పిలిచింది కుందేలు.

బాబాయి తలెత్తాడు. ఆయన చూపు ఆమె మీదుగా, వెనకున్న జనం మీదికి వెళ్ళి తిరిగొచ్చింది.

“ఎవరో పిలిచినట్టు లేదూ?” అన్నాడు.

వంగి ఉన్న అమ్మాయి మెల్లగా నిటారుగా నిలబడింది. కుందేలుకు రోజూ అద్దంలో కనిపించే ముఖమే. ఆ ముఖం నేరుగా కుందేలు కళ్ళలోకి చూసింది. చూస్తూనే కోటు బొత్తాలు పెట్టుకుంది.

“ఇక్కడెవరూ లేరు బాబాయ్, పద.”