రెండు గదుల మధ్య మనిషి

పగ్గాలు చేతికొచ్చిన రోజున వారసుడి దగ్గరున్న సరుకు ఇది: తాత పెట్టిన నూలు మిల్లు, దాని లాభాలతో మొలిచిన సిమెంటు ఫ్యాక్టరీ, లారీలు, హోటళ్లు, ఒకరితో ఒకరు మాట్లాడుకోని నాన్న, బాబాయి.

తాత పోయాక పెద్ద కుర్చీ ఎవరిదన్న పేచీతో అన్నదమ్ములకు మాటలు పోయాయి. ముందు ఎవరు పలకాలన్న పంతం మిగిలింది. ఆఫీసులో గదులు మాత్రం ఎదురెదురే, మధ్యలో నడవా.

ఆ రెండు గదుల మధ్య ఒకాయన తిరుగుతూ ఉండేవాడు. అందరూ నడవా మామయ్య అనేవారు. ఎప్పుడూ ఫ్యాక్టరీల్లోనే ఉన్న వారసుడికి ఆయన కొత్త.

కొత్త ఫ్యాక్టరీకి అప్పు కావాలంటే ఇద్దరి సంతకాలూ పడాలి. బ్యాంకు తొందరపెడుతోంది. వారసుడికి కాలు నిలవడం లేదు.

నడవా మామయ్య పెద్దాయన గదిలోంచి వచ్చాడు. మంచినీళ్లు తాగాడు. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"నాన్న చెప్పింది అటు చెప్పడానికి ఇంతసేపా?"

"కాస్త చల్లారనివ్వాలి బాబూ."

"చల్లారడానికి అది మాటా, కాఫీయా? ఇంతకీ మీ ఉద్యోగమేమిటి?"

"ఇదే. అటు మాట ఇటు, ఇటు మాట అటు."

"దీనికి జీతం కూడానా! రేపట్నుంచి రావక్కర్లేదు."

"నేను పోతే వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సొస్తుంది."

"నాక్కావలసిందీ అదే!"

ఆయన మెట్లు దిగిపోయాడు.

మర్నాడు వారసుడు ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

కాసేపు దగ్గులు. చివరికి చిన్నాయనే గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు పంపిన కబురు మర్చిపోలేను. నేను లేక ఆఫీసు బోసిపోయిందన్నావట. వాటా తీసుకుని విడిపోదామనుకున్నవాణ్ని, ఆ మాటకే ఆగిపోయాను."

పెద్దాయన మొహం చిట్లించాడు.

"నేనెప్పుడన్నాన్రా? నువ్వు లేకపోతే ప్రాణానికి హాయిగా ఉందన్నాను."

"మరి... కుర్చీ విషయంలో నాకు అన్యాయం జరిగిందని బాధపడ్డావట?"

"కలగన్నావా? పోనీ, మిల్లు తగలబడ్డప్పుడు నా తప్పేం లేదని నువ్వన్నావు కదా?"

"నేనా? తప్పంతా నీదేనన్నాను. ఇప్పుడూ అదే అంటాను!"

"నాన్నా! బాబాయ్! ముందు సంతకాలు..."

వినేదెవరు? ఇన్నేళ్లూ నడవా దాటని మాటలన్నీ ఒక్క పూటలో బల్ల దాటాయి.

వారసుడు నడవా మామయ్య ఇంటికి పరుగెత్తాడు.

"తప్పయిపోయింది మామయ్యా, మళ్లీ రండి. జీతం మీరెంతంటే అంత."

"ఇక నేనేం చెప్పినా నమ్మరు బాబూ. ఎదురెదురుగా అడిగేసుకున్నారుగా."

చిన్నాయన లారీలూ హోటళ్లూ విడదీసుకుపోయాడు. బ్యాంకు మొహం చాటేసింది.

అన్నీ పోగా వారసుడికి దక్కింది సగం వ్యాపారం, ఆలస్యంగా తెలిసొచ్చిన ఒక సంగతి: ఇన్నేళ్లూ ఆ ఆఫీసులో అన్నలా, తమ్ముడిలా మాట్లాడినవాడు ఆ పరాయి మనిషి ఒక్కడే.