సబ్బు సారు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఇన్‌స్పెక్టరు చివరి గది తాళం పట్టుకుని తలుపుకేసి దబదబా బాదాడు.

"ఎవరిదీ గది?"

వరసలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"దర్జీది బాబూ" అంది పక్క గది ముసలమ్మ, కొంగు సర్దుకుంటూ. "వాళ్ల బామ్మర్ది ఇంట్లో ఉంటాడు. మూటలు పెట్టుకోడానికి ఎప్పుడైనా వస్తాడు."

"పిలిపించండి."

ప్యూను పరుగెత్తాడు. ముసలమ్మ కోడలివైపు తిరిగి గొణిగింది. "ఈయనకి నిద్ర పట్టదా ఏంటే? కోడికంటే ముందే దిగబడతాడు."

"ఇంట్లో పెళ్లాం తరిమేస్తుందేమో అత్తయ్యా."

ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన వినీ విననట్టు గోడవైపు చూశాడు.

వరదలో ఇళ్లు పోయినవాళ్ల కోసం మిట్ట మీద కట్టిన గదులవి. గది దొరికినవాళ్లు అందులోనే కాపురం ఉండాలి. లేకపోతే గది పోతుంది. ఉంటున్నారో లేదో చూడడం ఇన్‌స్పెక్టరు పని. ఆయన ఎవర్నీ ఏమీ అడిగేవాడు కాదు. నేరుగా నీళ్ల గదిలోకి వెళ్లి సబ్బు ముట్టుకునేవాడు. తడిగా ఉంటే బయటికి వచ్చేసేవాడు. అందుకని ఆయనకి సబ్బు సారు అని పేరు పడింది.

దర్జీ రొప్పుతూ వచ్చాడు. వెనకే అతని బావమరిది. పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే మనిషి.

"ఒక్క నిమిషం సార్, లోపల సర్దుకుని..." దర్జీ తాళం తీసి లోపలికి దూరాడు. చెంబు చప్పుడైంది. "రండి సార్!"

గది నిండా గుడ్డల మూటలు. కాలు పెట్టడానికి చోటు లేదు. ఇన్‌స్పెక్టరు వాటిమీంచి అంగలేసుకుంటూ నీళ్ల గదిలోకి వెళ్లి, సబ్బు పట్టుకుని వచ్చాడు. తడిగానే ఉంది. పై కాగితం విప్పలేదు.

జనం ఘొల్లుమన్నారు.

"కాగితంతోనే రుద్దుకుంటావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ట్యూషను మాస్టారు ముందుకొచ్చాడు. "సార్, మీరు కోప్పడకండి. గోడ మీద మీవాళ్లు ఇంగ్లీషులో ఏం రాయించారు? గది పొందినవాడు రిసైడ్ కావాలని. స్టే అని రాయలేదు. స్టే అంటే నాలుగు రోజులు తలదాచుకోవడం. లాడ్జిలో స్టే చేస్తాం. లివ్ అంటే మామూలుగా ఉండడం. రిసైడ్ వేరు. అది చట్టం మాట. చిరునామా ఇక్కడుంది కాబట్టి మా బావ ఇక్కడ రిసైడ్ అవుతున్నట్టే."

"ఇక్కడ పడుకోకపోయినా?"

"దానికి స్లీప్ అని వేరే మాట ఉందండీ."

"నువ్వు చెప్పరా బామ్మర్దీ, బాగా చెప్పు!" అన్నాడు దర్జీ.

ఇన్‌స్పెక్టరు సబ్బు నేలకేసి కొట్టాడు.

"అటు చూడండి" అని వరస చివర నిలబడ్డ ఇస్త్రీ మనిషిని చూపించాడు. గది ఏదైనా ఖాళీ అవుతుందేమోనని ఆమె రోజూ వచ్చి నిలబడేది. "వరద వచ్చినప్పట్నుంచీ బడి వరండాలో పడుకుంటోంది. తల్లి పక్షవాతం మనిషి. వానొస్తే మంచం ఈ మూలనుంచి ఆ మూలకి లాక్కుంటుంది. దాన్నేమంటారు మాస్టారూ మీ ఇంగ్లీషులో? చెప్పండి! మూటలకి కాపురం పెట్టిన మీ బావకి మాట వెతికారుగా, ఆమెకీ ఒకటి వెతకండి!"

మాస్టారు బావ వెనక్కి జరిగాడు.

దర్జీ ముఖం కందగడ్డలా అయింది. "మిషను పోయింది. ఇల్లు పోయింది. వరద అన్నీ ఊడ్చుకుపోతే నాకు మిగిలింది ఈ గదే. ఇదీ పట్టుకుపో!" మర్యాద ఎప్పుడో జారిపోయింది. "ఇంట్లో ఫ్యాను కింద కాళ్లు చాపుకుని పడుకుని, లేచొచ్చి మామీద ఎగురుతావు. ఇల్లు పోవడమంటే ఏంటో నీకేం తెలుసయ్యా? సర్కారు మనుషులకి ఈ గదులివ్వకూడదని రూలు రాసుకున్నారుగా! ఎందుకు? మీకు కొంపలున్నాయి గనక!"

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు పెదవులు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"మూటలు బయట పెట్టించు" అన్నాడు ప్యూనుతో.

"సార్, సార్... నోరు జారాను. ఒక్క నెల గడువివ్వండి. రేపట్నుంచి ఇక్కడే పడుకుంటాను."

"రేపట్నుంచి ఆమె పడుకుంటుంది."

దర్జీ మూటల మీద కూలబడ్డాడు. మాస్టారు జబ్బ పట్టుకుని లేవదీశాడు. "పద బావా, పైవాళ్లకి చెప్పుకుందాం."

ఇన్‌స్పెక్టరు తాళానికే ఉన్న తాళంచెవి లాగి అందించాడు. ఇస్త్రీ మనిషి చెయ్యి చాపలేదు.

"నిజంగానా సార్? ఎప్పుడు రమ్మంటారు?"

"ఇప్పుడే. మీ అమ్మని తెచ్చుకో. లోపల గడియ పెట్టుకుని పడుకో."

ఆమె తాళంచెవి గుప్పిట్లో బిగించి పరుగు లంకించుకుంది. ముసలమ్మ కోడల్ని మోచేత్తో పొడిచింది. "కోపిష్టే గానీ, పని చేశాడే."

సాయంత్రం ప్యూను ఆఫీసు కిటికీలు మూస్తున్నాడు. "బయల్దేరదామా సార్? పొద్దున్నుంచీ అరిచి అరిచి గొంతు పోయింది మీకు."

"నువ్వెళ్లు. నాకు పనుంది."

"రోజూ ఇదే మాట. అమ్మగారు ఎదురు చూడరూ?"

"వెళ్లమన్నానా!"

ప్యూను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న, ప్యూను రాకముందే, ఇన్‌స్పెక్టరు ఆఫీసు బల్ల మీద, వరద మరకలు ఇంకా పోని తన పక్క చుట్టేశాడు.