నీళ్లు కదిలిన పెట్టె

నా పాపకు ఊపిరాడకుండా పోతుందేమోనన్నదే నా భయమంతా. ఇంట్లో చూసేవాళ్లు లేక, ఖాళీ థర్మోకోల్ పెట్టెలో దుప్పటి పరిచి పడుకోబెట్టి, పక్కనే చేపలు ప్యాక్ చేస్తుంటాను. వెలుతురుకు చేపలు బెదురుతాయని షెడ్డులో లైట్లు ఆర్పేస్తారు. సంచిలో కాసిని నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్; ఆ సంచులనూ అలాంటి పెట్టెల్లోనే పెడతాం. చేపలది రాజభోగం.

"నువ్వు రబ్బరు బ్యాండ్లు తెచ్చేసరికి తెల్లారిపోతుందని మూతలన్నీ నేనే అంటించి పంపేశానమ్మా" అన్నాడు మేస్త్రీ, ఆ రాత్రి నేను తిరిగొచ్చేసరికి. లారీ అప్పటికే వెళ్లిపోయింది.

పాపదనుకున్న పెట్టె ఒక్కటే మిగిలింది. దానికీ టేపు వేసి ఉంది. చెవి ఆనించాను. లోపల నీళ్లు కదిలాయి.

"బాబాయ్, లారీ ఆపించండి!"

"ఆపితే చేపలు చచ్చిపోవూ?"

మీకు ఆ పెట్టెలు అందితే చేపల సంగతి తర్వాత. నీళ్ల చప్పుడు లేని పెట్టెను ముందు తెరిచి, మా పాపను చూడండి.